400 అడుగులు, 250 గ్రాములు

సరదాకి డ్రోన్ ఎగరేసేవాళ్ళకి ఈ రెండు అంకెలూ కంఠతా వచ్చు. మొదటిది డ్రోన్ల కంటే పాతది. 1981 జూన్‌లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ., మోడల్ విమానాల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం ఒక్క పేజీ సలహాపత్రం వెలువరించింది. జనానికి దూరంగా ఎగరేయండి, 400 అడుగులు దాటొద్దు, విమానాశ్రయానికి మూడు మైళ్ళలోపైతే ముందే చెప్పండి, అసలు విమానం కనబడితే పక్కకు తప్పుకోండి అని దాని సారాంశం. మామూలుగా విమానాలు 500 అడుగుల కిందికి దిగవు కాబట్టి మధ్యలో వంద అడుగుల ఖాళీ మిగులుతుంది.

అది సలహాయే, చట్టం కాదు. అయినా మూడు దశాబ్దాలు బాగానే నడిచింది. రాత్రుళ్ళు కూర్చుని బాల్సా చెక్క అతికించి కట్టుకున్న విమానాన్ని ఎవరు మాత్రం ఎక్కడ పడితే అక్కడ ఎగరేస్తారు?

డబ్బా విప్పగానే గాల్లోకి లేచే క్వాడ్‌కాప్టర్లు వచ్చాక ఆ జాగ్రత్త పోయింది. 2015 జనవరి 26 తెల్లవారుజామున వైట్‌హౌస్ పచ్చికలో ఒక ఫాంటమ్ డ్రోన్ కూలింది. ఒబామా అప్పుడు మన గణతంత్ర వేడుకలకు అతిథిగా వచ్చి ఉన్నారు! ఆ డిసెంబరులోనే అమెరికాలో డ్రోన్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. నెత్తిన పడితే ప్రాణం పోయే అవకాశమెంతో లెక్కగట్టి, 250 గ్రాముల దగ్గర గీత గీశారు; అంతకు లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తయారీదార్లు ఊరుకుంటారా? 2019లో డ్రోన్ల కంపెనీ డీజేఐ తెచ్చిన మావిక్ మినీ బరువు 249 గ్రాములు. అప్పట్లో జపాన్‌లో హద్దు 200 గ్రాములు కాబట్టి అక్కడికి చిన్న బ్యాటరీతో 199 గ్రాములది పంపారు.

ఎత్తు పాటిస్తే చాలదని 2017 సెప్టెంబరులో న్యూయార్క్‌లో తేలింది. స్టాటెన్ ఐలాండ్ దగ్గర, దాదాపు 300 అడుగుల ఎత్తులో, సైనిక హెలికాప్టర్‌ను ఒక డ్రోన్ ఢీకొంది. రెక్కకు సొట్ట పడినా హెలికాప్టర్ క్షేమంగా దిగింది. డ్రోన్ మోటారొకటి దాన్లో ఇరుక్కుపోయి దొరికింది. ఎగరేసినాయన రెండున్నర మైళ్ళ దూరంలో ఉన్నాడు. దర్యాప్తు అధికారులు ఫోన్ చేసేదాకా గుద్దిన సంగతే ఆయనకు తెలియదు. డ్రోన్ కంటికి ఆనేంత దూరంలోనే ఉండాలన్న నిబంధనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన దేశం మాత్రం నిషేధంతో మొదలుపెట్టింది. 2014 అక్టోబరులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పౌర డ్రోన్లను ఆపేసింది. 2018 డిసెంబరులో తలుపు కొద్దిగా తెరిచారు కానీ ఫారాలు, అనుమతులు బోలెడు. 2021 ఆగస్టు నిబంధనలతో ఊపిరాడింది. మ్యాప్‌లో పచ్చరంగు వేసిన గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. 250 గ్రాముల లోపు నానోకి పైలట్ సర్టిఫికెట్ వద్దు. రెండు కిలోల దాకా ఉండే మైక్రోకీ వద్దు, సరదాకి ఎగరేసినంత కాలం. అదే డ్రోన్‌తో డబ్బు తీసుకుని పెళ్ళి వీడియో తీస్తే మాత్రం సర్టిఫికెట్ కావాల్సిందే.