బొండకొయ్య నుండి ఛాయాచిత్రము వరకు

నేడు చెన్నపట్టణమున ఉన్నత న్యాయస్థానము నెలకొన్న తావు ఒకప్పుడు కోటకు ఉత్తరమున వెలసిన పాత నల్లవారి పట్టణములోనిది. 18వ శతాబ్దమున ఫ్రెంచి యుద్ధముల పిదప ఆ పట్టణము తొలగింపబడగా, దానికి ఉత్తరమున విస్తరిల్లిన పేటయే 20వ శతాబ్ది తొలినాళ్ళలో జార్జి టౌన్ అను పేరు దాల్చినది. పాత పట్టణపు న్యాయసభకు చావడి యని పేరు. 1678లో గవర్నరు స్ట్రైన్‌షామ్ మాస్టరు దానిని సంస్కరించి, కుంపిణీ యుద్యోగులను న్యాయాధిపతులుగా కూర్చుండబెట్టెను. 50 వరహాల లోపు బాకీ తగవులును, చిల్లర నేరములును అచట విచారింపబడెడివి. జుల్మానా, కొరడాదెబ్బలతో పాటు బొండకొయ్యయు నాటి శిక్షలలో నొకటి. మెడను, చేతులను కొయ్యలో బిగించి నేరస్థుని నడివీధిలో నిలుపుదురు. దెబ్బ లేదు, చెర లేదు. నలుగురును చూచుటయే శిక్ష.

ఈ శిక్షలోని లోపమును శాసనకర్తలే గుర్తించిరి. మెకాలే అధ్యక్షతను న్యాయసంఘము 1837లో శిక్షాస్మృతి చిత్తుప్రతిని సిద్ధపరచినపుడు, నేరస్థుని గాడిదపై నెక్కించి ఊరేగించు తషహీరు శిక్షను కూడ పరిశీలించి త్రోసిపుచ్చెను. ఇంత అసమానమైన శిక్ష వేరొకటి లేదని వారి తలంపు. అభిమానధనునకు అది మరణముకంటె దుస్సహము. సిగ్గు విడిచినవానికి శిక్షయే కాదు. నేరము గురుత్వమునుబట్టి గాక నేరస్థుని సున్నితత్వమునుబట్టి హెచ్చుతగ్గులగు దండన న్యాయమెట్లగును? 1860 నాటి శిక్షాస్మృతి దండనల పట్టికలో బహిరంగావమానమునకు చోటు దొరకలేదు.

అయినను గ్రామసీమలలో అధికారులు ఆ పద్ధతిని విడువలేదు. శిస్తు చెల్లింపని రైతులు పడుచుండిన బాధలను వెలికి దెచ్చినవారిలో అగ్రగణ్యుడు చెన్నపురి తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868). ఆయన 1844లో క్రెసెంటు పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను నెలకొల్పెను. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు ఇచటికి రాగా, రైతుల యవస్థను ఆయనకు ప్రత్యక్షముగా చూపెను. తత్ఫలితముగా 1854లో విచారణ సంఘ మేర్పడి, 1855లో నివేదిక సమర్పించెను. ఎండలో నిలుపుట, వ్రేళ్ళు నొక్కుట వంటి హింసల సరసనే, తలవెండ్రుకలను గాడిద తోకకో దున్న తోకకో కట్టుట, మెడలో ఎముకల దండ వేయుట అను క్రియలును అందు పేర్కొనబడినవి. అవమానమును హింసలో భాగముగనే ఆ సంఘము లెక్కించినది.

పిదప ఛాయాచిత్రము వచ్చెను. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టము నిందితుల చిత్రములు తీయుట కనుమతించినది. కాని పూర్వము శిక్షపడనివాడు నిర్దోషిగా విడుదలయైనచో ఆ చిత్రమును నశింపజేయవలెనని విధించినది. సాక్ష్యము వేరు, ప్రదర్శనము వేరు అను వివేకము అందు కలదు. చెన్నపురి తమిళ వారపత్రిక సంపాదకుడు వాదియైన రాజగోపాల్ వ్యాజ్యమున 1994లో సుప్రీంకోర్టు, ప్రతి పౌరునకును తన జోలికి రానీయకుండు హక్కు కలదనియు, న్యాయస్థాన రికార్డులలోని విషయములను, ప్రభుత్వోద్యోగుల విధి నిర్వహణమును ప్రచురించుటకు ఆ హక్కు సాధారణముగా అడ్డుగాదనియు తేల్చెను. 2017లో పుట్టస్వామి తీర్పు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా స్థిరపరచెను. లక్నోలో నిందితుల పేళ్ళు, చిరునామాలు, చిత్రములతో ప్రభుత్వము నిలిపిన పలకలను తొలగింపుమని 2020 మార్చి 9న అలహాబాదు ఉన్నత న్యాయస్థానము ఆదేశించెను. అప్పీలులో సుప్రీంకోర్టు ఆ విషయమును పెద్ద ధర్మాసనమునకు నివేదించెను.

కావున వీధిలో చెత్త పారవైచువానిని, దారి తప్పి బండి నడపువానిని చిత్రించుటయే నేరమని చెప్పరాదు. బహిరంగస్థలమున చిత్రము తీయుట నంతటిని నిషేధించు సామాన్య శాసనము లేదు. ఆ చిత్రమును అధికారులకు సమర్పించుట పౌరధర్మము. దానినే ఊరంతటికి చూపి పరిహసించుట మరియొకటి. అది పరువునష్టపు వ్యాజ్యమునకును, గోప్యతాభంగ వివాదమునకును దారితీయవచ్చును. జుల్మానా చెల్లించినంతనే తీరును, చెర గడువుతో ముగియును. బొండకొయ్య నుండియు సాయంకాలమునకు విడిపింతురు. నేటి చిత్రమునకు మాత్రము విడుదల లేదు. జార్జి టౌన్‌లో కొత్వాల్ చావడి యను పేరు నేటికిని నిలిచియున్నది. చావడిలో విచారణ ముందు, శిక్ష పిదప; ఆ వరుసయైనను తప్పకుండుట నేటి పౌరులకు తగును.