గడప లోపలి కార్ఖానా: మహమ్మారి కాలంలో కామారెడ్డి బీడీ పని

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల సామాజిక చరిత్రలో 2020, 2021 సంవత్సరాలను కేవలం ఒక రోగం కథగా రాస్తే సగం విషయం బయటే ఉండిపోతుంది. ఇంట్లోనే ఉండాలన్న ప్రభుత్వ ఆదేశం హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పనిచోటును ఇంటికి మార్చుకునే వెసులుబాటుగా పరిణమించగా, అప్పటికే తరాలుగా ఇంటి అరుగు మీదనే చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్న స్త్రీకి అదే ఆదేశం పని పోగొట్టింది. ఆమె గడప దాటలేదు, అయినా కూలి ఆగింది. ఇంటి నుంచి పని చేయడం కొత్త యుగానికి నాంది అని పత్రికలు వర్ణిస్తున్న నెలల్లో ఆ పద్ధతికి అర్ధశతాబ్దపు అనుభవం ఉన్న ఈ ప్రాంతాన్ని ఎవరూ గుర్తు చేసుకోకపోవడం ఆశ్చర్యమేమీ కాదు. ఇల్లు పనిచోటు అయిందే కాని, ఆ పనిచోటుకు బాధ్యులెవరన్నది ఇక్కడ ముందునుంచీ తేలని విషయం.

నిజామాబాద్ జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబర్ 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాకు మహమ్మారులు కొత్త కావు. కలరాను తెలంగాణ పల్లెల్లో గత్తర అన్నారు. ప్లేగు వచ్చినప్పుడు ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకొని ఉండేవారు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగాక బ్రిటిష్ ప్రభుత్వం 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. నిజాం రాజ్యం ఆ చట్టం పరిధిలో లేకపోయినా రోగం సరిహద్దులు చూడలేదు. 1911లో హైదరాబాదు నగరంలో ప్లేగు ప్రబలింది, 1915లో అంటురోగులను వేరుగా ఉంచడానికి ఒక ఆసుపత్రి వెలిసింది. నల్లకుంటలో నేడు ఫీవర్ ఆసుపత్రిగా ఉన్న ఆ సంస్థను జనం కోరంటి దవాఖానా అనే పిలిచారు. 1897 నాటి ఆ చట్టాన్నే ఆధారం చేసుకొని తెలంగాణ ప్రభుత్వం 2020 మార్చిలో కొవిడ్ నిబంధనలు జారీ చేసింది.

కామారెడ్డికి మరింత దగ్గరి పూర్వోదాహరణ 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. ఆ ఏడు వేసవి చివర బొంబాయి రేవులో మొదలైన జ్వరం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రాణాంతక రూపంలో తిరిగి వచ్చి, రైలు మార్గాల వెంట దేశం లోపలికి పాకింది. సికింద్రాబాదును మన్మాడ్ కూడలితో, దాని ద్వారా బొంబాయితో కలిపిన హైదరాబాద్–గోదావరి లోయ రైలు మార్గం అప్పటికి రెండు దశాబ్దాల నాటిది. కామారెడ్డి ఆ దారిలోని స్టేషన్. అదే సంవత్సరం వానలు కూడా మొహం చాటేయడంతో జ్వరమూ కరువూ ఒకేసారి విరుచుకుపడ్డాయి. 1911లో సుమారు 1 కోటి 34 లక్షలు ఉన్న హైదరాబాదు రాజ్య జనాభా 1921 జనగణనలో సుమారు 1 కోటి 25 లక్షలకు పడిపోయింది. జనగణన నివేదికల్లో ఈ తగ్గుదల ఒక్క వరుస అంకెలుగానే కనిపిస్తుంది; ఏ ఇంట్లో ఎవరు పోయారో, పంట కోతకు ఎవరు మిగిలారో అందులో లేదు.

బీడీ పరిశ్రమ ఎదుగుదలలోనూ రైలుకు పాత్ర ఉంది. బీడీ అంటే ఎండిన తునికాకులో తంబాకు పొడి పెట్టి చుట్టి దారం కట్టే పొగచుట్ట. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో జబల్పూరు, గోందియా ప్రాంతాల్లో గుజరాతీ వ్యాపారుల చేతుల్లో ఈ వస్తువు పెద్ద వ్యాపారంగా మారింది. తునికాకు దొరికే అడవులు, వాన మీద ఆధారపడిన సేద్యం, తక్కువ కూలికి దొరికే శ్రమ ఉన్న నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలకు ఆ వ్యాపారం విస్తరించింది. మొదట్లో కార్ఖానా అంటే అందరూ వచ్చి కూర్చొని చుట్టే షెడ్డు. 1966లో పార్లమెంటు బీడీ, చుట్ట కార్మికుల ఉద్యోగ షరతుల చట్టం చేసి పని గంటలు, సెలవులు, పరిశుభ్రత వంటివి యజమాని బాధ్యతలుగా నిర్దేశించడంతో, దేశమంతటా చాలా కంపెనీలు షెడ్లు తగ్గించి పనిని ఇళ్లకు పంపడం పెంచాయి. కార్ఖానా అన్న పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఊళ్లో ఆ పేరున్న గది టేకేదారు ఆకూ తంబాకూ తూచి ఇచ్చి, చుట్టిన కట్టలు లెక్కపెట్టి తీసుకునే చోటు. టేకేదారు అంటే కంపెనీకీ కార్మికురాలికీ నడుమ ఉండే గుత్తేదారు. చుట్టిన బీడీల్లో మంచీ చెడూ ఏరే పనిని చాటన్ అంటారు. అందులో పక్కన పడేసిన బీడీకి కూలి లేదు.

1966 నాటి ఆ చట్టం చేసిన ఒక సూక్ష్మమైన విభజన యాభై ఏళ్ల తరువాత మహమ్మారి కాలంలో పెద్దదై కనిపించింది. యజమానో గుత్తేదారో ఇచ్చిన ముడిసరుకుతో ఇంటి దగ్గర బీడీ చుట్టే మనిషిని చట్టం ఉద్యోగిగానే గుర్తించింది. ఈ గుర్తింపును ప్రశ్నించిన కంపెనీల వాదనను తోసిపుచ్చి 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. భవిష్య నిధి, అంటే పీఎఫ్, ఆమెకు దక్కడానికి ఆ గుర్తింపే దారి చేసింది. కాని అదే చట్టం పారిశ్రామిక ఆవరణకు ఇచ్చిన నిర్వచనంలోంచి సొంత నివాసగృహాన్ని మినహాయించింది. మనిషి కార్మికురాలే, ఆమె పనిచేసే చోటు మాత్రం పనిచోటు కాదు. గాలి, వెలుతురు, తంబాకు ధూళి, పారిశుధ్యం వంటి విషయాల్లో యజమాని చూడవలసిన గోడలు చట్టం దృష్టిలో లేనే లేవు.

మహమ్మారికి ముందే ఈ వృత్తి దెబ్బ మీద దెబ్బ తిన్నది. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధనకు నిరసనగా కంపెనీలు ఉత్పత్తి ఆపాయి. అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్ల రద్దు వచ్చింది. 2017 జులైలో బీడీల మీద 28 శాతం జీఎస్టీ పడింది. కార్మికుల వైద్యానికీ పిల్లల ఉపకార వేతనాలకూ ఆధారమైన సంక్షేమ సెస్సు ఆ జీఎస్టీ రాకతోనే రద్దయింది. నెలలో పని దొరికే రోజులు తగ్గిపోయిన స్త్రీలకు, పీఎఫ్ సభ్యత్వం షరతుగా తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి ఇచ్చిన జీవన భృతే, అంటే 2019లో 2,016 రూపాయలకు పెరిగిన ఆసరా పింఛనే, నికరంగా చేతికందే సొమ్ముగా మిగిలింది. పొగాకు హానిని తగ్గించాలన్న లక్ష్యం సరైనదే అయినా, దాని భారం ముందుగా పడింది పొగ తాగని చేతుల మీద.

తెలంగాణలో తొలి కొవిడ్ కేసు 2020 మార్చి 2న నమోదైంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే రాష్ట్ర లాక్‌డౌన్, 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్ వచ్చాయి. ఆర్టీసీ బస్సులు నిలిచిపోయాయి. జిల్లాల్లో అవి తిరిగి కదిలింది మే 19న. చాలా పల్లెల్లో ఊరి పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం వేసి కొత్తవారిని రానివ్వలేదు. కార్ఖానా మూతపడితే ఆకు రాదు, ఆకు రాకపోతే చాట ఖాళీ. యజమానులు లాక్‌డౌన్ కాలానికి పూర్తి జీతం చెల్లించాలని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఆదేశించింది. మే 18 నుంచి అది అమల్లో లేదు. అమల్లో ఉన్నన్నాళ్లయినా వెయ్యి బీడీల లెక్కన కూలి కట్టే పనిలో జీతమంటే ఏమిటో ఎవరూ తేల్చలేదు. ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, ఆహార భద్రతా కార్డున్న కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. పీఎఫ్ నిల్వలోంచి 75 శాతం వరకు లేదా మూడు నెలల జీతం మేరకు, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చన్న వెసులుబాటు మార్చి నెలాఖరులో వచ్చింది. అవసరానికి అక్కరకొచ్చినా అది ముసలితనానికి దాచుకున్న డబ్బే.

ఏప్రిల్ 15న హోంశాఖ జారీ చేసిన మార్గదర్శకాలను ఒక కార్మికురాలి అరుగు మీద నిలబడి చదివితే వాటి ఊహాలోకం తెలుస్తుంది. బహిరంగ ప్రదేశాల్లోనూ పనిచోట్లలోనూ ముఖం కప్పుకోవడం తప్పనిసరి. పనిచోట ఉష్ణోగ్రత పరీక్ష, శానిటైజర్ ఉండాలి. షిఫ్టుకూ షిఫ్టుకూ నడుమ గంట విరామం ఉండాలి. భోజన విరామాలు విడతలుగా ఇవ్వాలి. షిఫ్టు, భోజన విరామం, ద్వారం దగ్గర కాపలాదారు ఉన్న ఫ్యాక్టరీకి ఇవి సరిపోతాయి. వంట, పిల్లలు, పశువుల పని మధ్య సందు దొరికినప్పుడల్లా చాట ముందుకు లాక్కొని, ఇరుగుపొరుగు నలుగురు కలిసి మాటల్లో చేతులాడించే పనికి షిఫ్టేది? అదే మార్గదర్శకాలు పొగాకు అమ్మకాన్ని, బయట ఉమ్మడాన్ని నిషేధించాయి. ఉమ్ముతో రోగం వ్యాపిస్తుందన్న భయం సహేతుకమే, కాని దానితో బీడీకి గిరాకీ కూడా అడుగంటింది. మే నెలలో సడలింపుల తరువాత పని మెల్లగా మొదలైనప్పుడు అసలు గుమికూడే చోటు ఇల్లు కాదు, లెక్క అప్పగించే కార్ఖానా గది. ఆ ఇరుకు గది ముందు దూరం పాటించే భారం టేకేదారుదా, కంపెనీదా అన్నది ఎప్పటిలాగే తేలలేదు.

మాస్కు ఈ ప్రాంతానికి పూర్తిగా కొత్త కాదు. వరికోత యంత్రం వెనుక నూగు లేచినా, రైసుమిల్లులో తవుడు ఎగిరినా, మగవారు తువ్వాలనూ ఆడవారు కొంగునో దస్తీనో ముక్కుకు అడ్డం కట్టుకోవడం పాత అలవాటు. అయితే అది తనను తాను కాపాడుకోవడం. మాస్కు చరిత్రలో మలుపు 1910–11 శీతాకాలంలో మంచూరియాలో వచ్చింది. ఊపిరితిత్తుల ప్లేగు గాలి ద్వారా అంటుతుందని గ్రహించిన పినాంగ్ వైద్యుడు వూ లియన్-టే గాజుగుడ్డ, దూది పొరల మాస్కును వైద్య సిబ్బందికి, రోగుల దగ్గర మసిలేవారికి తప్పనిసరి చేశాడు. 1918లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కు లేనివారికి జరిమానా వేసింది, దానికి వ్యతిరేకంగా 1919లో అక్కడ ఒక సంఘమే పుట్టింది. తన నోటి తుంపర ఎదుటివారికి చేరకుండా కట్టుకునే గుడ్డ అన్న భావన కామారెడ్డి పల్లెకు 2020 ఏప్రిల్‌లోనే చేరింది. ఇంట్లో కుట్టిన గుడ్డ మాస్కు చాలునని కేంద్ర ఆరోగ్యశాఖ సలహా ఇవ్వడంతో రాష్ట్రమంతటా స్వయం సహాయక సంఘాల స్త్రీలు కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. మే మొదటి వారంలో రాష్ట్ర మంత్రివర్గం మాస్కు లేనివారికి వెయ్యి రూపాయల జరిమానా నిర్ణయించింది. వెయ్యి బీడీలు చుట్టిన కూలికి అది కొన్ని రెట్లు.

తంబాకు ధూళి మాత్రం ఈ చర్చలో చోటు దక్కించుకోలేదు. బీడీ చుట్టేవారిలో దీర్ఘకాలపు దగ్గు, శ్వాస సమస్యలు వైద్యులకు చిరపరిచితమే. ఏళ్ల తరబడి ఆ ధూళి మధ్య కూర్చున్నా ముఖానికి గుడ్డ కట్టుకొమ్మని ఎవరూ గట్టిగా చెప్పని చోట, వైరస్ కోసం హఠాత్తుగా మాస్కు తప్పనిసరైంది. దగ్గితేనే పొరుగువారు అనుమానంగా చూసే ఆ నెలల్లో పాత దగ్గును కూడా దాచుకోవలసి వచ్చింది. 2021 మేలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి జ్వర సర్వే చేసి, లక్షణాలున్నవారికి మందుల కిట్లు ఇచ్చినప్పుడు గడప దగ్గర అడిగే మొదటి ప్రశ్నలు జ్వరం, దగ్గుల గురించే.

ఈ ప్రాంతపు అనేక కుటుంబాల్లో బీడీ సగం ఆదాయమైతే గల్ఫ్ మిగతా సగం. భర్త దుబాయి, మస్కట్, కువైట్ కూలీ శిబిరంలో, భార్య ఇక్కడ చాట ముందు ఉండే అమరిక దశాబ్దాలుగా సాగుతోంది. అంతర్జాతీయ విమానాలు 2020 మార్చిలో ఆగి, విదేశాల్లో చిక్కుకున్నవారిని తెచ్చే వందే భారత్ మిషన్ మే 7న మొదలయ్యేవరకు, ఒకే గదిలో అంతస్తుల మంచాల మీద పడుకునే కార్మికులకు భౌతిక దూరం వీలులేని మాట. కంపెనీ వీసా ఉన్నవారిని అడిగేందుకు కనీసం ఒక యజమాని ఉన్నాడు. ఆజాద్ వీసా, అంటే పేరుకు ఒక స్థానిక హామీదారు (కఫీలు) ఉండి ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకునే పద్ధతి, మీద వెళ్లినవారికి ఆ మాత్రం దిక్కు కూడా లేదు. తిరిగొచ్చిన వారి చేతి మీద క్వారంటైన్ ముద్ర పడింది, ఇంట్లో చాట ఖాళీగా ఉంది, వీసా కోసం తెచ్చిన అప్పు వడ్డీతో ఎదురుచూస్తోంది.

44వ నంబరు జాతీయ రహదారి కామారెడ్డికి మరో దృశ్యం తెచ్చింది. హైదరాబాదు నిర్మాణ స్థలాల నుంచి నాగపూరు దిశగా నడిచిపోతున్న ఉత్తరాది కూలీలు ఈ దారినే పోయారు. వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే తొలిది మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది, కాని నడక దానితో ఆగలేదు. ఎదురు దిశలో కూడా అసాధారణ ప్రయాణాలు జరిగాయి. పొరుగునున్న బోధన్ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు నెల్లూరులో చిక్కుకున్న కొడుకు కోసం ఏప్రిల్‌లో స్కూటీ మీద రానుపోను సుమారు 1,400 కిలోమీటర్లు వెళ్లివచ్చారు.

రెండో ఉప్పెనలో రాష్ట్రం 2021 మే 12 నుంచి జూన్ 19 వరకు మళ్లీ లాక్‌డౌన్‌లో ఉంది, మొదట్లో ఉదయం పూట నాలుగు గంటలపాటు సడలింపుతో. ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించిందంటే అప్పటికి వారి పరిస్థితి ఎంతవరకు వచ్చిందో ఊహించవచ్చు. ప్రాణవాయువు అవసరమైన రోగికి నిజామాబాదో, సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదో దిక్కయింది. కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది 2023లో.

ఇంతలో చట్టం కూడా మారింది. దేశంలో తొలి ఉప్పెన ఉచ్చస్థితిలో ఉన్న 2020 సెప్టెంబరులో పార్లమెంటు వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను ఆమోదించింది. అనేక కేంద్ర కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా కుదించే ప్రయత్నంలో భాగమైన ఇది 1966 నాటి బీడీ చట్టాన్ని తనలో కలుపుకొని, 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. పేరులోనే భద్రత, ఆరోగ్యం ఉన్న ఈ కోడ్‌లోనూ లైసెన్సు అవసరమైన బీడీ ఆవరణల్లో సొంత నివాసగృహానికి చోటు లేదు.