సబ్బుకు ఏ నీరు?

‘ఈ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు’ అనే మాట తెలుగు ఇళ్ళలో వినని వారు అరుదు. కొత్త ఊళ్ళో కాపురం పెట్టిన ఇల్లాలు నాలుగు రోజులు తిరగకముందే ఈ రెండు గుర్తులతో అక్కడి నీటి గుణాన్ని తేల్చి చెప్పగలదు. ఆమె చెప్పిన దానినే కొలిచి, కారణం చూపడానికి రసాయన శాస్త్రం పందొమ్మిదవ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చినది. సబ్బుకూ నీటికీ గల ఈ పాత తగవు చరిత్ర, ఇంట్లో స్వయంగా సబ్బు తయారుచేసుకొనే వారికి నేటికీ పనికివచ్చేదే.

సబ్బుకు మూలద్రవ్యాలు రెండు: కొవ్వు లేక నూనె ఒకటి, క్షారం రెండవది. క్రీస్తుశకం మొదటి శతాబ్దికి చెందిన రోమను పండితుడు ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’లో సబ్బును పేర్కొన్నాడు. అది గాల్ దేశీయులు కేశాలకు ఎర్రని వన్నె తేవడానికి కనిపెట్టినదట. కొవ్వుతోనూ బూడిదతోనూ చేస్తారనీ, మేక కొవ్వు, బీచి చెట్టు బూడిద శ్రేష్ఠమనీ వ్రాశాడు. ఏ కొవ్వో చెప్పాడు, ఏ బూడిదో చెప్పాడు; నీటి ఊసు మాత్రం లేదు. అయితే బూడిదలోని క్షారాన్ని బయటికి తీసేది నీరే గదా! భోజనాన్ని మెచ్చుకొనేటప్పుడు కూరలను పేరుపేరునా పొగిడి మంచినీళ్ళను మరచినట్లే ఇదీ.

నీటిని మరువని వారు గృహిణులు. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాలలో ఐరోపా నుంచి అమెరికాకు వలసపోయిన కుటుంబాలలో సబ్బు చేయడం ఆడవారి పని. చలికాలమంతా పొయ్యిలోని కట్టెల బూడిదనూ, వంటింట్లో మిగిలిన కొవ్వునూ కూడబెట్టేవారు. అడుగున చిల్లులున్న పీపాలో గడ్డి పరచి, దానిపై బూడిద నింపి, పైనుంచి కొద్దికొద్దిగా నీరు పోసేవారు. క్రింద చుక్కచుక్కగా గోధుమ వన్నె క్షారజలం దిగేది. అందులో కోడిగ్రుడ్డును వేస్తే, పైన నాణెమంత మేర తేలి కనబడితే పాకం సరిపోయినట్లు లెక్క. ఆ క్షారజలాన్ని కొవ్వుతో కలిపి ఆరుబయట పెద్ద కాగులో ఉడికించేవారు. బూడిదపై పోయడానికి వారు కోరి ఎంచుకొన్నది చూరు నీరు, అనగా వాననీరు.

వాననీరే ఎందుకు? సూర్యుడు ఆవిరిగా లేపి, మేఘం చల్లార్చి దింపిన నీరది. అది నేలలోకి ఇంకి సున్నపురాళ్ళ గుండా పారినప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను తనలో కరిగించుకొని కఠిన జలమవుతుంది. అట్టి నీటిని బూడిదపై పోస్తే క్షారంలో కొంత భాగం ఆ సున్నాన్ని తెల్లని మడ్డిగా దించడానికే ఖర్చయిపోతుంది. ఈ కారణం ఆ తల్లులకు తెలియదు, ఫలితం తెలుసు.

కారణం తెలియడానికి ఫ్రాన్సు దేశంలో రెండు అడుగులు పడినవి. 1791లో నికొలా లెబ్లాంకు మామూలు ఉప్పు నుంచి సోడా తయారుచేసే పద్ధతికి హక్కుపత్రం పొందాడు. దానితో సబ్బు పరిశ్రమ క్రమంగా బూడిదను వదిలి సోడాను ఆశ్రయించినది. 1823లో మిషెల్ షెవ్రూల్ కొవ్వుల గుట్టును గ్రంథస్థం చేశాడు: కొవ్వులో గ్లిసరినూ, కొవ్వు ఆమ్లాలూ ఉన్నవనీ, క్షారం ఆ ఆమ్లాలతో కూడినప్పుడు సబ్బు అవుతుందనీ స్పష్టం చేశాడు. దీనితో నురగ కట్టని నీటి రహస్యమూ విడిపోయినది. కఠిన జలంలోని కాల్షియం, సబ్బులోని సోడియాన్ని త్రోసి తాను ఆ స్థానంలో కూర్చుంటుంది. ఆ కొత్త పదార్థం నీటిలో కరగదు. బకెట్టు అంచునా, బట్ట పోగులలోనూ జిడ్డుగా పేరుకొనే తెల్లని తెట్టు అదే. నీటిలోని సున్నమంతా ఇట్లా తీరిన తరువాతనే నురగ పుడుతుంది.

స్కాట్లండులోని ఎబర్డీను నగరంలో మారిషల్ కళాశాల రసాయనాచార్యుడు థామస్ క్లార్కు ఈ చిక్కునే కొలబద్దగా మార్చాడు. కొలిచిన నీటిలో సబ్బు ద్రావణాన్ని కొద్దికొద్దిగా వేసి కుదపాలి. నురగ అయిదు నిమిషాలపాటు నిలిచేటప్పటికి ఎంత ద్రావణం పట్టినదో అదే నీటి కాఠిన్యం. 1841లో ఆయన మరొక ఉపాయానికి హక్కుపత్రం పొందాడు: నీటిలో తగుపాటి సున్నం వేసి, అందులో ముందే కరిగి ఉన్న సున్నాన్ని దించివేయడం. ముల్లును ముల్లుతో తీయడమన్నమాట!

ఇది ప్రయోగశాలలో ఆగిన విషయం కాదు. అప్పట్లో ఇంగ్లండులో సబ్బుపై పన్ను ఉండేది. 1853లో గాని అది రద్దు కాలేదు. కఠినమైన నీటిలో బట్టలుతికే పేద ఇల్లాలు నీటిలోని సున్నానికి సబ్బును అర్పించడమే గాక, ఆ సబ్బుపై పన్నును కూడా కట్టేది. 1850లో అక్కడి ఆరోగ్య మండలి లండను నీటి సరఫరాపై ఇచ్చిన నివేదికలో, థేమ్సు నీటిని వదిలి మృదుజలం తెప్పించాలని సిఫారసు చేస్తూ, సబ్బు వృథాను ఒక ముఖ్య కారణంగా చూపినది. లండను ఆ సలహాను పాటించలేదు. గ్లాస్గో నగరం మాత్రం కొండల నడుమనున్న లాక్ కాట్రిను సరస్సు నుంచి మిక్కిలి మృదువైన నీటిని తెచ్చుకొన్నది. 1859 అక్టోబరులో విక్టోరియా రాణి ఆ పథకాన్ని ప్రారంభించినది.

మన దేశంలో సబ్బు ఇంటింటికీ రాకముందు ఈ బాధ ఇంతగా లేదు. కుంకుడుకాయ నురగ కొవ్వు ఆమ్లాల వల్ల పుట్టేది కాదు గనుక సున్నపు నీటిలోనూ తెట్టుగా విరగదు. రజకులు బట్టలను చవుడు మట్టితో ఉబ్బ వేసేవారు. చవుడులోని సోడా నీటిలోని సున్నాన్ని ముందే దించివేస్తుంది. చాకలి సోడా చేసే పనీ అదే.

ఇక నేడు ఇంట్లో సబ్బు చేసుకొనేవారి మాట. బోరు నీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్నదనుకొందాము. కిలో నూనెకు పట్టే నీరు లీటరులో మూడవ వంతు. అందులోని సున్నం చెరిపేది సుమారు 0.6 గ్రాముల సబ్బును మాత్రమే. అయినా ఆ నీరు వద్దనడానికి వేరొక కారణమున్నది. ఇనుము, రాగి జాడలు ఏమాత్రమున్నా నూనెను త్వరగా పాడుచేస్తాయి. సబ్బుపై గోధుమ మచ్చలు, కనరు వాసన వస్తాయి. కనుక బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ గాని, శుభ్రమైన పాత్రలో పట్టి వడగట్టిన వాననీరు గాని వాడడం మేలు. నీటిలోనికి కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా వేయాలి. సోడాపై నీరు పోయరాదు. అల్యూమినియం పాత్ర పనికిరాదు. కళ్ళకూ చేతులకూ రక్షణ తప్పనిసరి.

అయితే అసలు నష్టం సబ్బు చేసేచోట కాదు, వాడేచోట. అదే బోరు నీరు 15 లీటర్ల బకెట్టులో నురగ నిలవాలంటే ముందుగా సుమారు 27 గ్రాముల సబ్బు వృథా కావాలి. నాలుగు బకెట్లకు నూరు గ్రాముల బిళ్ళ ఒకటి! ఎంత మేలైన నీటితో చేసిన సబ్బయినా ఆ బకెట్టులో ఓడిపోక తప్పదు. ఉతికే నీటిలో ముందుగా కాస్త చాకలి సోడా వేసినా, వాన కురిసినప్పుడు చూరు క్రింద ఒక తొట్టి పెట్టినా సబ్బు నిలుస్తుంది. సబ్బును ఎంచడం కన్న నీటిని ఎంచడం ముందు. పప్పు ఉడకని నీటిని గుర్తుపట్టిన మన ఇల్లాలికి ఈ మాట కొత్తది కాదు.