అక్క రహస్యం, తమ్ముడి రహస్యం

కథ చెప్పడం ముగియగానే 'ఇందులోని నీతి ఏమిటి?' అని పిల్లలను అడగడం మనకు పాత అలవాటు. ఆ ప్రశ్నకు లొంగని పుస్తకం ఒకటి బెంగాలీలో ఉన్నది. విభూతిభూషణ్ బందోపాధ్యాయ 'పథేర్ పాంచాలి' 1929లో గ్రంథరూపంలో వెలువడింది. అందులోని దుర్గ, అపూల బాల్యాన్ని పిల్లల కోసం సంక్షేపించి, 'ఆమ్ ఆంటిర్ భేంపు' (మామిడిటెంక బూర) అన్న పేరుతో 1940లలో సిగ్నెట్ ప్రెస్ ప్రచురించింది. బొమ్మలు గీసినది సత్యజిత్ రాయ్. 1955 నాటి ఆయన చలనచిత్రానికి బీజం అక్కడే పడింది.

ఈ నవలను పాఠంగా చెప్పదలచినవారు రెండు ఘట్టాలను పక్కపక్కన ఉంచి, ప్రతి మాట దగ్గరా ఆగి చదివించాలి.

మొదటిది మామిడిపిందెల ఘట్టం. తల్లి సర్వజయ రేవుకు వెళ్ళిన వేళ దుర్గ పిందెలు తెచ్చి, తమ్ముడి చేత నూనె, ఉప్పు తెప్పిస్తుంది. ఇద్దరూ చాటుగా తింటారు. తల్లి వచ్చి వేయించిన బియ్యం పెడితే అపూ నమలలేక, పళ్ళు పులిశాయని చెప్పబోతాడు. అక్క కళ్ళతోనే గదమాయించగా ఆ మాట సగంలో ఆగిపోతుంది.

రెండవది బంగారు కుంకుమభరిణె ఘట్టం. దానిని దొంగిలించిందన్న నిందపై పొరుగింటి ఇల్లాలు దుర్గను చావగొడుతుంది. దుర్గ ఒప్పుకోదు. తరువాత జ్వరంతో మరణిస్తుంది. కుటుంబం ఊరు విడిచే రోజున ఆ భరిణె అపూ కంటబడుతుంది. వాడు దానిని వెదురుపొదల్లోకి విసిరివేస్తాడు; తల్లికి సైతం చెప్పడు. చిత్రంలో భరిణె పూసలదండ అయింది, వెదురుపొద చెరువు అయింది. మౌనం మాత్రం మారలేదు.

మామిడిపిందెల రహస్యాన్ని క్షణకాలం దాచలేకపోయిన పసివాడు, అక్క పోయాక ఆమె రహస్యాన్ని శాశ్వతంగా దాచాడు. ఈసారి కళ్ళెర్రజేసే అక్క లేదు. తోబుట్టువుల ప్రేమ గురించి రచయిత ఉపన్యసించలేదు. ఈ రెండు మౌనాల నడుమ దానిని ఉంచాడు.

బంగ్లాదేశ్‌లో తొమ్మిది, పది తరగతుల పాఠ్యపుస్తకంలో మామిడిపిందెల ఘట్టం పాఠంగా చేరింది. అంతవరకే చదివిన విద్యార్థికి అది చిలిపితనంగానే మిగులుతుంది. భరిణె దాకా చదివినవాడు వెనుదిరిగి ఆ సగంలో ఆగిన మాటను మళ్ళీ చదువుకుంటాడు.

భరిణె తీసినది దుర్గే. రచయిత ఆ సత్యాన్ని దాచలేదు. అయినా 'దొంగతనం తప్పు' అన్న నీతితో ఈ పాఠాన్ని ముగించే ఉపాధ్యాయుడు, ఆ పిల్లను మరొకమారు కొట్టినవాడే అవుతాడు.