కష్టమునకును లేమికిని నడుమ

ప్రతి భాషయందును ‘అవును’ అనుటకును ‘కాదు’ అనుటకును నడుమ నిలిచిన మాటలు కొన్ని కలవు. రూపమునుబట్టి యవి నిషేధములు కావు. వాక్యమున జేరినంతనే యించుమించు నిషేధములై పనిచేయును. ఇంగ్లీషునందలి ‘హార్డ్లీ’ యట్టిది. దానితోడ ‘నాట్’ అను మాటను జేర్చుట తప్పని యా భాషను బోధించువారు చెప్పుదురు. సాధారణముగ నిషేధవాక్యములందును ప్రశ్నలందును వచ్చు ‘ఎనీ’, ‘ఎవర్’ అనునవి దీనితో జక్కగ నిముడును. ఈ చిన్నమాట చరిత్రను, దానికి సాటిగ నిలిచిన గ్రీకు మాటల చరిత్రను విచారించినచో, మనుష్యులు కష్టమును లేమిగ మార్చుకొను తీరు మనకు దెలియగలదు.

‘హార్డ్’ అనగా గట్టిది, కఠినమైనది. దానినుండి పుట్టిన క్రియావిశేషణమునకు బ్రాచీనాంగ్లమున ధైర్యముగ, కఠోరముగ అను నర్థము లుండెను. తరువాత ‘ప్రయాసతో’ అను నర్థము వచ్చెను. 16వ శతాబ్దిలో ‘అంతంతమాత్రముగ’ అను నర్థము దానికి దోడయ్యెను. ఈ మార్పునకు గారణ మూహింపవచ్చును. ప్రయాసతో జరుగునది యరుదుగ జరుగును; అరుదుగ జరుగుదానిని జనులు జరుగనిదానితో జమకట్టుదురు. కాలక్రమమున ప్రయాస యను మూలార్థము మరుగున బడి, నిషేధచ్ఛాయ మాత్రమే మిగిలినది. ‘స్కేర్స్లీ’ యను మాటయు నిట్టిదే. అది కొరతను దెలుపు మాటనుండి పుట్టి యించుమించు నిషేధమైనది.

గ్రీకు భాషయందును నీ బాటయే కనబడును. హోమరు ఇలియడునందు హెక్టరు తన దాడినుండి యెంత కష్టముతో దప్పించుకొనెనో అకిలీసు చెప్పుచు ‘మొగిస్’ అను మాటను వాడును. ‘మొగొస్’ అనగా శ్రమ. శ్రమపడి బయటపడెనని తాత్పర్యము. తరువాతి గ్రంథములలో నా తావున ‘మొలిస్’ అను రూపము ప్రబలమయ్యెను. క్రీస్తునకు పూర్వము 458లో ప్రదర్శింపబడిన ఎస్కిలస్ నాటకము ‘అగమెమ్నాన్’ నందు కసాండ్ర యీ మొలిస్‌నకు ముందు నిషేధపదమును జేర్చి పలుకును. ‘కొద్దిగ గాదు, పూర్తిగనే’ తన్ను నాశనము చేసితివని యపోలో దేవుని నిందించుట యామె యభిప్రాయము. కావున నా నాటికే మొలిస్ శ్రమను వీడి, కొలతను దెలుపు మాటగ మారుచుండెనని గ్రహింపవచ్చును.

ఇంగ్లీషువారు 1611లో వెలువరించిన బైబిలు అనువాదమున నీ రెండు చరిత్రలును గలిసినవి. అపొస్తలుల కార్యముల 27వ యధ్యాయమున పౌలును బందీగ రోమునకు గొనిపోవు నోడ యెదురుగాలిలో జిక్కుకొనును. అది క్నీదు తీరమునకు జేరుట, క్రేతు ద్వీపపుటంచున సాగుట, ఓడవారు పడవను వశపరచుకొనుట — ఈ మూడు పనులకును మూలమున నొకే మాట, మొలిస్. అనువాదకులు మొదటిచోట ‘స్కేర్స్’ అనియు, రెండవచోట ‘హార్డ్లీ’ యనియు, మూడవచోట మిక్కిలి పనిపడినదనియు వ్రాసిరి. ఆ మూడు పనులును నిజముగ నెరవేరినవే. ఇక్కడ హార్డ్లీ యనగా ‘చేయలేదన్నంతగ’ అని గాదు, ‘చేసిరి, కాని కష్టపడి చేసిరి’ అని.

ఇంతకంటె ముఖ్యమైన తావు ధనవంతుని గూర్చినది. ధనికుడు దేవుని రాజ్యమున బ్రవేశించుటనుగూర్చి యేసు చెప్పిన మాటకు మూడు సువార్తలందును గ్రీకున ‘దుస్కొలోస్’ అని యున్నది. కష్టముతో నని దాని యర్థము. ‘దుస్కొలొస్’ అనగా మెప్పింప శక్యము గాని చిరాకు మనిషియని కూడ నర్థము; మెనాండ్రుని హాస్యనాటకము నొకదాని కదియే పేరు. 1611 నాటివారు మూడుచోట్లను హార్డ్లీ యనియే వ్రాసిరి. ఆ కాలమున నా మాట కష్టమను నర్థమును నింకను బోగొట్టుకొనలేదు. నేటి పాఠకు డదే వాక్యమును జదివినచో, ధనికు డించుమించు ప్రవేశింపడనియే తలంచును. 1881 నాటి సవరణకర్తలు మత్తయి సువార్తయందు ‘కష్టము’ అని మార్చి, మార్కు లూకాలయందు బాతమాటనే యుంచిరి. 1946లో వెలువడిన అమెరికా సవరణలో మూడుచోట్లను గష్టమనియే యున్నది.

ఇది పదముల పేచీ మాత్రమే యని కొంద రనవచ్చును. కాని యా ఘట్టమును ముందునకు జదువవలెను. అట్లయిన నెవడు రక్షింపబడగలడని విన్నవా రడుగగా, మనుష్యులకు ‘అదునతొన్’ ఐనది దేవునికి సాధ్యమని యుత్తరము. అదునతొన్ అనగా అసాధ్యము. కష్టమను మాట ముందు, అసాధ్యమను మాట తరువాత. రెండును వేరు మాటలు. మొదటి మాటయే లేమి నర్థ మిచ్చినచో, ఆ మెట్టునుండి యీ మెట్టునకు బోవు సంభాషణ క్రమము చెడిపోవును.

నేటి గ్రీకు భాషలోనికి హార్డ్లీని మార్చువా డొక మాటతో బని జరుపుకొనలేడు. కష్టముతో నన్నచో ‘దీస్కొలా’. బొటాబొటిగ నన్నచో ‘మోలిస్’. దాదాపు లేనేలేదన్నచో ‘స్ఖెదోన్’ అను మాటతో నిషేధార్థక పదములను జేర్పవలెను. మోలిస్ మఱియొక దారిని బోయి, ‘ఇప్పుడే’ యనియు ‘అయిన వెంటనే’ యనియు గూడ నర్థ మిచ్చుచున్నది. ఇంగ్లీషు మాట దాచిన భేదములను గ్రీకు అనువాదకుడు బయటబెట్టక తప్పదు.

మన తెలుగు బైబిలునందు ధనికుని గూర్చిన యా తావున ‘దుర్లభము’ అను మాట యున్నది. ఇందలి ‘దుర్’ ఉపసర్గమును, గ్రీకు ‘దుస్’ ను నొకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించిరి. కావున నిచ్చట ననువాదమున బంధువునకు బంధువే దొరకినాడు. దుర్లభమనగా గష్టముమీద లభించునదియే గాని లభింపనిది గాదు. అయినను మన వాడుకలో నది లేనిదానికి బర్యాయముగ మారుచున్నది. ఎవరినైన సాయమడిగినప్పుడు ‘కష్టమండీ’ యన్నచో, అది సౌమ్యమైన నిరాకరణమని మనకు వెంటనే తెలియును. ఇంగ్లీషువారి హార్డ్లీ నడచిన త్రోవనే మన మాటయు నడచుచున్నది.

మర్యాదకొఱ కిట్లు పలుకుటలో దోషము లేదు. కాని యొక మంచిపని కష్టమని చెప్పి, దానిని జేయకుండుటకు నదియే చాలిన కారణమని యనుకొనునప్పుడు భాష మనలను మోసగించుచున్నది. ఆడపిల్ల చదువును గూర్చియో, కట్నము లేని పెండ్లిని గూర్చియో ‘కష్టము’ అని యింట నొకరన్నపుడు, ఆ మాటకు బ్రయాస యని యర్థమా, వల్లగాదని యర్థమా యని యడుగుట మేలు. ప్రయాసయే యైనచో నెంత ప్రయాసయో లెక్కించి పూనుకొనవచ్చును. వల్లగాదన్నచో నా మాటనే స్పష్టముగ జెప్పి, దానికి గారణము చూపవలెను.