పెంపుడు జంతువులకు ఆక్యుపంక్చర్: ఉపశమనం ఎంత, ఆధారం ఎంత?

శరీరంలోని నిర్దిష్ట స్థానాల్లో సన్నని సూదులు గుచ్చి నొప్పిని తగ్గించేందుకు ప్రయత్నించే చైనా సంప్రదాయ చికిత్స ఆక్యుపంక్చర్. కీళ్లవాతంతో కుంటుతున్న ముసలి శునకాలకు, వెన్నులో డిస్క్ జారిన డాక్స్‌హుండ్ జాతి కుక్కలకు, వెన్నునొప్పి ఉన్న గుర్రాలకు దీనిని ఎక్కువగా వాడుతున్నారు. ఒక్కో విడత సాధారణంగా 10 నుంచి 30 నిమిషాలు సాగుతుంది. సూదుల గుండా స్వల్ప విద్యుత్తును పంపితే దానిని ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ అంటారు.

చైనాలో 1608లో వెలువడిన యు సోదరుల అశ్వవైద్య గ్రంథంలో సూది వేసే స్థానాల ప్రస్తావన ఉంది. అయితే నాటి చికిత్సలో రక్తం తీయడం, వాతలు పెట్టడం కూడా కలిసే ఉండేవి. నేడు జంతువులకు వాడుతున్న స్థానాల్లో అనేకం మనిషి శరీర పటం నుంచి 20వ శతాబ్దంలో మార్చుకున్నవి. గుర్రానికి పిత్తాశయమే ఉండదు. దాని పటంలో మాత్రం పిత్తాశయ మార్గం కనిపిస్తుంది! అంతర్జాతీయ పశువైద్య ఆక్యుపంక్చర్ సొసైటీ అమెరికాలో 1974లో ఏర్పడింది.

జంతువుకు నమ్మకాలు ఉండవు కనుక, మేలు కనిపిస్తే అది చికిత్స ఫలితమేనన్న వాదన తరచూ వినిపిస్తుంది. కానీ ఇక్కడ నమ్మకం యజమానిది. కీళ్లవాతం ఉన్న కుక్కలకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి, వాటి నడకను యంత్రంతో కొలిచిన అధ్యయనం ఒకటి 2012లో ప్రచురితమైంది. యజమానుల అంచనాల్లో సుమారు 40 శాతం, లేని మెరుగుదలను ఉన్నట్లు చెప్పినవే.

జంతువుల ఆక్యుపంక్చర్‌పై వచ్చిన అధ్యయనాలను 2006లో ఒక సమీక్ష పరిశీలించింది. ఏ వ్యాధికైనా దీనిని సిఫారసు చేయడానికి గానీ, తోసిపుచ్చడానికి గానీ తగిన ఆధారం లేదని తేల్చింది. ఆ తర్వాత 2010లో బ్రెజిల్ పరిశోధకులు, డిస్క్ సమస్యతో కాళ్లు పడిపోయిన కుక్కల్లో ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ పొందిన 19లో 15 కోలుకున్నాయని ప్రకటించారు. ఆశ కలిగించే అంకెలే. కానీ ఏ కుక్కకు ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించిన ప్రయోగం కాదది.

నిపుణుడి చేతిలో సూది వల్ల హాని అరుదు. అసలు ప్రమాదం ఆలస్యంలో ఉంది. కుంటుకు కారణం ఎముక క్యాన్సర్ కావచ్చు. వెనుక కాళ్లు చచ్చుబడిన కుక్కకు శస్త్రచికిత్స అవసరమైతే గంటలు కూడా విలువైనవే. అందుకే ముందు ఎక్స్‌రే, రక్తపరీక్షలతో రోగనిర్ధారణ జరగాలి. నొప్పి మందులకు తోడుగా సూదిని వాడవచ్చు గానీ, వైద్యుడు చెప్పకుండా మందులు ఆపకూడదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే అధికారం నమోదిత పశువైద్యులది. సూది పట్టే వ్యక్తికి ఆ నమోదు ఉందో లేదో యజమాని ముందుగానే అడిగి తెలుసుకోవాలి.