హైదరాబాద్ పరిసర జలాశయాలు, వనస్థలులు: సందర్శకులకు వర్తించే నిబంధనలు, వాటి నేపథ్యం

హైదరాబాద్ నగరం నుంచి ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో చెరువులు, జలాశయాలు, అభయారణ్యాలు, జాతీయ ఉద్యానవనాలు అనేకం ఉన్నాయి. సెలవు దినాలలో కుటుంబాలు, విద్యార్థులు వీటికి పెద్ద సంఖ్యలో తరలివెళ్తున్నారు. వార్తలలోను, ప్రచార పత్రాలలోను వీటన్నింటినీ విహార కేంద్రాలు అనే ఒక్క పేరుతో పేర్కొనడం పరిపాటి అయింది. వాస్తవానికి వీటిలో అధిక భాగం విహారం కోసం ఏర్పడినవి కావు. ఒకటి వరద నివారణకు, ఒకటి తాగునీటికి, ఒకటి సేద్యానికి, మరొకటి వన్యప్రాణుల రక్షణకు ఉద్దేశించినది. ఏ స్థలం ఏ చట్టం పరిధిలో, ఏ శాఖ అధీనంలో ఉన్నదనే దానిని బట్టి అక్కడ సందర్శకులు చేయదగినవి, చేయరానివి మారుతుంటాయి. ఈ తేడాను గమనించకపోవడం ప్రాణాపాయానికి సైతం దారితీస్తున్నది.

గండిపేట, హిమాయత్‌సాగర్

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాద్‌లో వేలాది మందిని బలిగొన్నది. అనంతరం నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన ప్రఖ్యాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన వరదను నిలువరించే జలాశయాలు నిర్మించాలని సూచించారు. ఆ సూచన మేరకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసాపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే ప్రజలు గండిపేట చెరువు అని వ్యవహరిస్తారు. గండిపేట నీరు తాగినవారు నగరాన్ని విడిచిపోరనే నానుడి దీని నుంచి పుట్టినదే. ఉస్మాన్‌సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 1790 అడుగులు, నిల్వ సామర్థ్యం 3.9 టి.ఎం.సి.లు. హిమాయత్‌సాగర్ నీటిమట్టం 1763.5 అడుగులు, సామర్థ్యం 2.97 టి.ఎం.సి.లు.

వరద నివారణ, తాగునీరు అనే రెండు ప్రయోజనాలూ ఈ జలాశయాలకు ఉన్నందున వీటి నీటిలో ఈతకు, స్నానానికి, వాహనాలు కడగడానికి తావు లేదు. సందర్శకుల కోసం గండిపేట ఒడ్డున హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ 2022లో ప్రత్యేకంగా ఉద్యానవనాన్ని ఏర్పాటు చేసింది. పిల్లలతో వెళ్లే కుటుంబాలకు కట్ట కంటె ఇదే అనువైన చోటు.

వర్షాకాలంలో గేట్లు ఎత్తిన వార్త వెలువడగానే ఆ దృశ్యాన్ని చూడడానికి జనం దిగువ ప్రాంతానికి చేరుకోవడం ఏటా కనిపించేదే. ఇక్కడ ఒక విషయం గుర్తించవలసి ఉన్నది. మూసీ నది వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహిస్తుంది. నగరంలో చినుకు పడకపోయినా ఎగువన భారీ వర్షం కురిస్తే జలాశయం నిండి గేట్లు ఎత్తవలసి వస్తుంది. ఎండగా ఉన్న రోజున కూడ నదీగర్భంలోను, లోతట్టు వంతెనలపైన నిలబడడం క్షేమం కాదు. 2025 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి మూసీ వరద మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ప్రాంగణంలోకి చేరిన సంగతి విదితమే. గేట్లు ఎత్తిన సమాచారాన్ని ప్రచురించేటప్పుడు నీటి విడుదల పరిమాణంతో పాటు దిగువన మూసివేసిన రహదారుల వివరాలను కూడ పేర్కొంటే పాఠకులకు ఎక్కువ ఉపయోగం.

జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో 10 కి.మీ. పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య కారక పరిశ్రమలు, భారీ హోటళ్లు, నివాస కాలనీల నిర్మాణాన్ని నిషేధిస్తూ 1996 మార్చి 8న జి.ఓ. 111 జారీ అయింది. ఇవి నగరానికి ప్రధాన తాగునీటి వనరులుగా లేవనే కారణం చూపి, ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 వెలువడింది. చెరువు గట్టున వెలిసే రిసార్టుల గురించి రాసేవారు ఈ రెండు ఉత్తర్వులనూ పక్కపక్కన పెట్టుకొని చదవడం అవసరం.

నగరంలోని చెరువులు

హుస్సేన్‌సాగర్ 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో నిర్మితమైనది. చెరువు నడుమ జిబ్రాల్టర్ శిలపై ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించారు. లుంబినీ పార్కు నుంచి విగ్రహం వద్దకు పడవలలో వెళ్లవచ్చును. ఏటా వర్షాకాలంలో తెరచాప పడవల పోటీలు కూడ ఇక్కడ జరుగుతున్నాయి. కూకట్‌పల్లి నాలా తదితర కాలువల ద్వారా దశాబ్దాలుగా మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు చేరినందున ఈ నీటిని తాకే విహారానికి మాత్రం ఇది తగినది కాదు.

పాతబస్తీ సమీపంలోని మీర్ ఆలం చెరువు కట్ట ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రత్యేకించి చూడదగినది. 1806 నాటి ఈ కట్ట 21 అర్ధవృత్తాకార కమానులతో నీటి ఒత్తిడిని తట్టుకొని నేటికీ నిలిచి ఉన్నది. పక్కనే 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉన్నది. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరందించిన దుర్గం చెరువుపై 2020 సెప్టెంబరు 25న తీగల వంతెన ప్రారంభమైంది. నాటి నుంచి సాయంకాలపు సందర్శకులు అధికమయ్యారు.

ఒడ్డు ఆక్రమణలకు సంబంధించిన వార్తలలో ఎఫ్.టి.ఎల్., బఫర్ అనే మాటలు తరచు కలగాపులగం అవుతున్నాయి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు ఎఫ్.టి.ఎల్. దాని లోపలి శిఖం భూమి పట్టా భూమి అయినా అందులో నిర్మాణాలకు అనుమతి లేదు. ఆ హద్దుకు వెలుపల వదలవలసినది బఫర్. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఇది 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు. వేసవిలో నీరు వెనుకకు తగ్గినప్పుడు బయటపడే నేలను ఖాళీ స్థలంగా భావించి వాహనాలు నడపడం, గుడారాలు వేయడం ఈ కారణంగానే నియమ విరుద్ధం.

పటాన్‌చెరు సమీపంలోని అమీన్‌పూర్ పెద్ద చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు లభించింది. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ఈ హోదా పొందిన దేశంలోని మొదటి పట్టణ జలాశయం ఇదే. శీతాకాలంలో వలస బాతులు, ఫ్లెమింగోలు ఇక్కడికి వస్తాయి. తెల్లవారుజామున దుర్భిణితో వెళ్లి నిశ్శబ్దంగా ఉండేవారికే ఈ చెరువు దర్శనమిస్తుందని చెప్పవచ్చును. పాటల పెట్టెలతో వచ్చే బృందాలకు చూడడానికి పక్షులు మిగలవు.

మూడు జాతీయ ఉద్యానవనాలు

తెలంగాణలోని మూడు జాతీయ ఉద్యానవనాలూ రాజధాని పరిసరాలలోనే ఉండడం విశేషం. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ ఆవరణను కలుపుకొని ఏర్పడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం విస్తీర్ణం 1.43 చ.కి.మీ. మాత్రమే అయినా ఉదయపు నడకకు వచ్చేవారి సంఖ్యలో ఇదే ముందున్నది. వనస్థలిపురం వద్ద విజయవాడ రహదారి పక్కన 14.59 చ.కి.మీ.లలో ఉన్న మహావీర్ హరిణ వనస్థలి కృష్ణజింకలకు ఆవాసం. మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా 1975లో దీనికి ఆ పేరు వచ్చింది. చిల్కూరు వద్ద గల మృగవనిలో చుక్కల దుప్పులు, నెమళ్లు కనిపిస్తాయి.

ఈ మూడింటికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వర్తిస్తుంది. లోపల వంట చేయడం, నిప్పు రాజేయడం, జంతువులకు ఆహారం వేయడం నిషిద్ధం. ఛాయాచిత్రాల చిత్రీకరణకు, పర్యాటకానికి, పరిశోధనకు అనుమతి ఇచ్చే అధికారం చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిది. చిత్రీకరణకు వెళ్లే పత్రికా, టెలివిజన్ ప్రతినిధులు ద్వారం వద్ద టికెట్ కొన్నంత మాత్రాన ఈ అనుమతి లభించినట్లు కాదు.

నగరానికి వెలుపల

సంగారెడ్డి జిల్లాలో సింగూరు, మంజీర బ్యారేజీల మధ్య విస్తరించిన మంజీర అభయారణ్యం మగ్గర్ జాతి మొసళ్లకు ప్రసిద్ధి. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. జంట నగరాలకు మంచినీరు అందించిన జలాశయమూ ఇదే. మొసళ్లున్న నీటి అంచున నిలబడి చిత్రాలు తీసుకోవడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. మెదక్ సమీపంలోని పోచారం అభయారణ్యం 1952లో ఏర్పడింది. 1922లో పూర్తయిన పోచారం చెరువు మత్తడి దూకే రోజులలో అక్కడ రద్దీ అధికం. పాచి పట్టిన మత్తడి రాళ్లపై కాలు జారడం వల్లనే అక్కడ అపాయం ఎక్కువ.

అనంతగిరి కొండలకు వికారాబాద్ రైల్వే జంక్షన్ మీదుగా చేరుకోవచ్చును. అనంత పద్మనాభస్వామి ఆలయ దర్శనం, అడవి నడక ఒకే రోజున పూర్తవుతాయి. అదే జిల్లాలోని కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్ పడవలు నడుస్తున్నాయి. ఇది సేద్యపు ప్రాజెక్టు. వానాకాలం చివర నిండుగా ఉండే నీరు పంటలకు వదిలేకొద్దీ తగ్గుతుంది కనుక పడవ విహారం తలపెట్టేవారు ముందుగా నీటిమట్టం తెలుసుకోవాలి. లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కరాదు.

జలాశయాలలో మునిగి మరణించే ఘటనలలో ఈత తెలిసిన యువకులూ ఉంటున్నారు. ఒడ్డు నుంచి నేల క్రమంగా పల్లమవుతుందని వారు భావిస్తారు. మట్టి, మొరం తవ్విన గుంతలు నీటి అడుగున ఉన్నచోట మోకాలి లోతు ఒక్క అడుగుతో నిలువు లోతు అవుతుంది. ఒండ్రులో దిగబడిన కాలు పైకి రాదు. తూము దగ్గర నీరు పైకి నిశ్చలంగా కనిపించినా అడుగున లాగుతుంది. ఎవరైనా మునుగుతున్నట్లు కనిపిస్తే వెంట దూకకుండా తాడు, పొడవాటి కర్ర, చీర లేదా ఖాళీ ప్లాస్టిక్ డబ్బా అందించి, 112 నంబరుకు ఫోన్ చేయవలెను.